ఒక్క కుటుంబం నడిపిన రేస్ ట్రాక్

ప్రశ్న: చెన్నై వెళ్లేప్పుడల్లా మా నాన్న షోలవరంలో కార్ల రేసులు జరిగేవని చెప్తుంటారు. అసలు ఒక కుటుంబమే సొంతంగా ట్రాక్ కట్టి నడిపింది ఎక్కడైనా ఉందా అండీ?
– ఓ పాఠకుడు, కావలి

జవాబు: మీ నాన్నగారు చెప్పింది నిజమేనండీ, షోలవరంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీదే రేసులు పెట్టేవాళ్లు. కానీ కుటుంబం ట్రాక్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మార్టిన్స్‌విల్ స్పీడ్‌వే. హెచ్. క్లే ఎర్ల్స్ అనే ఆయన 1947లో కట్టించాడు, అంటే అమెరికాలో కార్ల రేసులు నడిపే నాస్కార్ సంస్థ పుట్టకముందే! అప్పుడది ఉత్త మట్టి ట్రాక్, మొదటి రేసు నాటికి 750 సీట్లే రెడీ అయితే 6 వేల మందికి పైగా టికెట్ కొని వచ్చేశారు, ఆదివారం బట్టలేసుకుని వచ్చినోళ్లంతా ఎర్రదుమ్ము కొట్టుకుపోయి ఇంటికెళ్లారంట. 1955లో తారు వేయించాడు. చుట్టు మొత్తం 850 మీటర్లు కూడా ఉండదు, మలుపులు మరీ ఇరుకు, బ్రేకులు వాడటం తెలిసినోడిదే గెలుపు. 1964 నుంచి గెలిచినోళ్లకి నిలువెత్తు గడియారం ఇస్తున్నారు, ఏ కప్పు కన్నా అదే గొప్ప బహుమతి అని నా అభిప్రాయం. ఎర్ల్స్ 1999లో పోయాడు, 2004లో కుటుంబం ట్రాక్‌ని ఇంటర్నేషనల్ స్పీడ్‌వే కార్పొరేషన్‌కి అమ్మేసింది, అయినా ప్రెసిడెంట్‌గా ఆయన మనవడే కొనసాగాడు.