పాతకాలపు కొరియాలోని జోసన్ రాజ్యంలో రాజును కన్న తల్లి మహారాణి ఎందుకు కాలేకపోయింది?

కొరియన్ సీరియళ్లలో ఈ కథ తరచూ వస్తుంది: రాజు ఒక పరిచారికను ప్రాణంగా చూసుకున్నాడు, ఆమె కడుపున పుట్టినవాడే తర్వాత సింహాసనం ఎక్కాడు, అయినా ఆమె మహారాణి కాలేదు. ఇది మంత్రుల కుట్రా, లేక నిజంగానే అలాంటి చట్టం ఉండేదా అని మీలో ఒకరు అడిగారు. కొరియన్ చారిత్రక సీరియళ్లు చూసేటప్పుడు మా వదిన కూడా నన్ను ఇదే అడిగేది. "కొడుకు రాజైతే తల్లి రాజమాతే కదా, ఇంకా ఆ మూల గదిలో ఎందుకుంది?" అని. ఆవిడకు జవాబు చెప్పడం కోసమే ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. తర్వాత ఆఫీసు పని మీద సియోల్ వెళ్లినప్పుడు ఖాళీ దొరికితే ఈ తల్లుల గుళ్లు చూడ్డానికే వెళ్లాను. ఆ సంగతి కిందకి వస్తుంది.

చట్టం ఉంది. 1701లో వచ్చింది. కానీ అది రాకముందు కూడా సామాన్య కుటుంబంలో పుట్టిన ఆడదానికి ఆ తలుపు దాదాపు మూసే ఉండేది.

సీరియల్ చూస్తుంటే పుట్టుక, అంతఃపురంలో హోదా, ధర్మపత్ని స్థానం అన్నీ ఒకటే అనిపిస్తాయి. జోసన్ కాలంలో ఈ మూడూ వేర్వేరు. రాజు చేతిలో ఉన్నది హోదా ఒక్కటే. అంతఃపుర స్త్రీల హోదాలు 15వ శతాబ్దంలో తయారైన 'గ్యోంగ్‌గుక్ దేజోన్' అనే చట్టగ్రంథంలో వరసగా రాసి ఉన్నాయి. పనిచేసే ఆడవాళ్లు ఎంత పైకి వెళ్లినా 'సాంగ్‌గుంగ్' దగ్గర ఆగిపోవాలి, అది ఐదో శ్రేణి. నాలుగో శ్రేణిలోని 'సుక్‌వోన్' మొదలుకొని మొదటి శ్రేణిలోని 'బిన్' దాకా ఉన్న ఎనిమిది మెట్లు రాజు ఉపభార్యలవి. మరి మహారాణి ఎన్నో శ్రేణి? ఆమెకు శ్రేణే లేదు. ఆమె ఆ నిచ్చెనకు పైమెట్టు కాదు, అసలు ఆ నిచ్చెన మీదే లేదు. 'బిన్' అయిన ఆడది ఇంకొక్క మెట్టు ఎక్కితే చాలని మనకు అనిపిస్తుంది కానీ అక్కడ ఎక్కడానికి మెట్టు లేదు.

మహారాణి కావాలంటే మామూలుగా 'గాన్‌తేక్' జరగాలి. దేశంలో పెళ్లిళ్లు ఆపించి, యాంగ్‌బాన్ అనే ఉన్నత వర్గపు కుటుంబాల్లోని పెళ్లీడు ఆడపిల్లల వివరాలు తెప్పించి, మూడు విడతల్లో వడపోసి ఒకరిని ఎంచేవాళ్లు. తర్వాత పెళ్లి, పట్టం, ముద్ర, చైనా చక్రవర్తి గుర్తింపు. ఇంత తతంగం ఎందుకంటే మహారాణి అంటే రాజుగారి భార్య మాత్రమే కాదు. రాజు వారసుణ్ణి చెప్పకుండా చనిపోతే తర్వాతి రాజు ఎవరో చెప్పే అధికారం రాజకుటుంబంలో పెద్దదిక్కుగా ఉన్న రాణిది. రాజు పసివాడైతే తెర వెనక కూర్చుని పాలించేదీ ఆవిడే. అలాంటి కుర్చీలో ఏ ఇంటి ఆడపడుచు కూర్చుంటుందన్నది మంత్రులకు చావుబతుకుల సమస్య. అందుకే మీ ప్రశ్నలోని రెండు సగాలూ నిజమే. అడ్డుపడ్డ మంత్రులకు సొంత లాభం ఉంది, వాళ్లు పట్టుకున్న నియమమూ ఉంది.

ఇక 1701 సంగతి. సుక్‌జోంగ్ రాజు కాలంలో జాంగ్ అనే ఆమె అంతఃపుర పరిచారికగా ఉండేది. ఆమెది దుబాసీల కుటుంబం, అంటే యాంగ్‌బాన్ల కన్నా కింది తరగతి. 1688లో ఆమెకు కొడుకు పుట్టాడు. 1689లో రాజు ఇన్‌హ్యోన్ మహారాణిని పదవి నుంచి తీసేసి జాంగ్‌ను ఆ స్థానానికి తెచ్చాడు. దాంతోపాటే మంత్రుల్లో సోయిన్ వర్గం పడిపోయి నామిన్ వర్గం గద్దెనెక్కింది. అయిదేళ్లు తిరిగేసరికి, 1694లో, అంతా తలకిందులైంది. ఇన్‌హ్యోన్ తిరిగి వచ్చింది, జాంగ్ మళ్లీ 'హీబిన్' అనే ఉపభార్య హోదాకు దిగింది. 1701లో ఇన్‌హ్యోన్ జబ్బుతో చనిపోతే, జాంగ్ హీబిన్ చేతబడి చేయించిందని ఆరోపించి ఆమెకు మరణశిక్ష వేశారు. ఆ ఏడాదే సుక్‌జోంగ్ శాసనం చేశాడు: ఇకమీదట ఉపభార్యగా ఉన్న ఏ స్త్రీనీ మహారాణిని చెయ్యకూడదు.

ఆ శాసనం దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. అప్పటికి అంతఃపురంలో సుక్‌బిన్ ఛ్వే ఉంది. నీళ్లు మోసే పనిమనిషిగా చేరిందని చెప్పుకునేది ఈమె గురించే, సీరియళ్లకు ఇష్టమైన కథానాయికా ఈమే. 1693లో సుక్‌వోన్, 1699కల్లా సుక్‌బిన్: ఆరేళ్లలో నాలుగో శ్రేణి అడుగు నుంచి మొదటి శ్రేణి కొసకు చేరింది. కొడుకు బతికి ఉన్నాడు. మహారాణి పోయింది, ప్రత్యర్థి పోయింది. కథ ప్రకారమైతే ఇక పట్టాభిషేకమే. కానీ 1702లో రాజు గాన్‌తేక్ జరిపించి ఇన్‌వోన్ అనే అమ్మాయిని మహారాణిగా తెచ్చుకున్నాడు. ఛ్వే 1670లో పుట్టింది, ఇన్‌వోన్ 1687లో. తనకన్నా పదిహేడేళ్లు చిన్నదైన పిల్లకు ఛ్వే వంగి దణ్ణం పెట్టాలి. అంతకన్నా నన్ను కదిలించేది ఇంకొకటుంది. ఛ్వే కొడుకు 1694లో పుట్టాడు. అతని కన్నా ఏడేళ్లే పెద్దదైన ఇన్‌వోన్ చట్టం ప్రకారం అతనికి తల్లి.

అతను రాజు కాగలిగిందీ అందువల్లే. 1721లో వారసుడి గొడవ ముదిరినప్పుడు ఇన్‌వోన్ అతని పక్షాన నిలబడింది. అతను యువరాజయ్యాడు, 1724లో యోంగ్‌జో రాజయ్యాడు. మన భారతంలో విదురుడు గుర్తొస్తాడు. ధర్మం తెలిసినవాడు, అన్నదమ్ములందరిలో యోగ్యుడు, కానీ దాసి కొడుకు కనక రాజ్యం మాటే రాలేదు. అతణ్ణి నా కొడుకని చెప్పుకునే పట్టపురాణి లేదు. జోసన్‌లో ఆ దారి ఉంది. కానీ ఆ దారిలో నడిచేది కొడుకు, తల్లి కాదు. మా వదిన అడిగినదానికి జవాబు ఇదే. రాజమాత కుర్చీ ఖాళీగా లేదు, అందులో ఇన్‌వోన్ కూర్చుని ఉంది. నిజానికి ఛ్వే ఆ రోజు చూడనే లేదు. 1718లోనే పోయింది.

కొడుకు సింహాసనం ఎక్కాక కూడా తల్లి పుట్టుక అతణ్ణి వదల్లేదు. 1728లో పెద్ద తిరుగుబాటు వచ్చింది. తనకు ముందు రాజుగా ఉన్న అన్నగారు, జాంగ్ హీబిన్ కొడుకు గ్యోంగ్‌జోంగ్‌కు యోంగ్‌జో విషం పెట్టాడనీ, అసలు సుక్‌జోంగ్ బిడ్డే కాదనీ తిరుగుబాటుదారులు ప్రచారం చేశారు. గొప్పింటి తల్లి కన్న కొడుకు మీద రెండో మాట అంత తేలిగ్గా అతికేది కాదని నా అభిప్రాయం. యోంగ్‌జో దాదాపు యాభై రెండేళ్లు ఏలాడు. ఆ కాలంలో తల్లి గౌరవం కోసం చెయ్యగలిగినంతా చేశాడు. 1725లోనే ఆమెకు గుడి కట్టించాడు, 1753లో దాన్ని 'యుక్‌సాంగ్‌గుంగ్' స్థాయికి పెంచాడు. ఆమె సమాధిని 'మ్యో' నుంచి 'వోన్'కు పెంచాడు. రాజులకూ రాణులకూ ఉండే సమాధి 'నుంగ్'. అది మాత్రం చెయ్యలేకపోయాడు. రాజులు, రాణుల పూజాఫలకాలుండే జోంగ్‌మ్యో ఆలయంలో ఆమెకు చోటు ఇప్పించలేకపోయాడు. దేశమంతా తన మాట మీద నడిచే రాజు కన్నతల్లి విషయంలో ఆ గీత దగ్గర ఆగిపోయాడు. సామాన్య స్త్రీ అంతఃపురంలో ఎంతదూరం వెళ్లగలదో తెలుసుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి కొలత కనపడలేదు.

జోంగ్‌మ్యోలో చోటు లేని ఈ తల్లుల కోసమే సియోల్‌లో 'చిల్‌గుంగ్' ఉంది. అధ్యక్ష భవనంగా పేరుపడ్డ 'బ్లూ హౌస్' పక్కనే. ఏడుగురు ఉపభార్యల గుళ్లు ఒక ఆవరణలో ఉంటాయి. ఒకటి తప్ప అన్నీ రాజులైనవాళ్ల తల్లులవి, కొందరు కొడుకులకు చనిపోయాకే రాజు బిరుదు వచ్చింది. యుక్‌సాంగ్‌గుంగ్‌లో సుక్‌బిన్ ఛ్వే ఒక్కతే లేదు, యోంగ్‌జో ఉపభార్య జోంగ్‌బిన్ ఫలకం కూడా అక్కడే ఉంచారు. అత్తాకోడళ్లిద్దరిదీ ఒకే గుడి. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం జాంగ్ హీబిన్ గుడి 'దేబిన్‌గుంగ్' దగ్గర. పక్క గుళ్ల స్తంభాలు నలుచదరంగా ఉంటాయి, ఈ గుడికి మాత్రం గుండ్రటి స్తంభాలు. కారణం, ఆమె కొన్నేళ్లయినా మహారాణిగా ఉండటం. పదవి లాక్కున్నారు, మరణశిక్ష వేశారు, ఆమె పేరు చెప్పి శాసనమే తెచ్చారు, కానీ కట్టినవాళ్లు ఆ స్తంభాలను చెక్కేటప్పుడు ఆ అయిదేళ్లను మరిచిపోలేదు. సీరియళ్లలో ఈమె ఎప్పుడూ విలన్. మెడ వంచుకుని ఉండిపోయిన ఛ్వే మంచిది, ఆ కుర్చీ ఎక్కిన జాంగ్ చెడ్డది. ఇద్దరూ కింది నుంచి వచ్చినవాళ్లే. ఆ కుర్చీని కోరుకోవడమే నేరంగా చూపించే కథలు ఆనాటి మంత్రుల తీర్పునే మళ్లీ చదివి వినిపిస్తున్నట్టు ఉంటాయి. నాకు ఆ పద్ధతి నచ్చదు.

నచ్చని ఇంకో పద్ధతి కూడా ఉంది. సగం కథ అయ్యాక, దాసిగా పెరిగిన పిల్ల నిజానికి కుట్రకు బలైపోయిన యాంగ్‌బాన్ కూతురని తేలుతుంది. అక్కడితో మంత్రుల నోళ్లు మూతపడతాయి. చూస్తున్నప్పుడు సంతోషంగానే ఉంటుంది. కానీ అప్పటిదాకా కథ దేనితో పోరాడిందో దానికే లొంగిపోయినట్టు కాదా? గొప్ప రక్తం ఉంటేనే అర్హత అని మంత్రులు అన్నారు, ఆమెకు గొప్ప రక్తమే ఉందని కథ రుజువు చేసింది.

ఆ మాటకొస్తే సామాన్య స్త్రీలందరూ ఆ మెట్లు ఎక్కాలని తహతహలాడలేదు కూడా. యోంగ్‌జో మనవడైన జోంగ్‌జో రాజు ఇష్టపడిన ఉయిబిన్ సోంగ్ అతణ్ణి రెండుసార్లు కాదంది. ఇది కల్పన కాదు, ఆమె చనిపోయాక స్వయంగా రాజే ఆమె సమాధి లేఖనంలో రాసుకున్నాడు. మొదటిసారి, అతను రాజు కాకముందు, అతని భార్యకు ఇంకా బిడ్డ పుట్టలేదు కనక తాను ఒప్పుకోలేనని ఏడ్చిందట. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కాదంది. రాజు ఆమె పనివాళ్లను శిక్షించాక ఒప్పుకుంది. అంతఃపురంలో పనిచేసే ఆడవాళ్లు వేరే పెళ్లి చేసుకోకూడదు, లెక్క ప్రకారం అందరూ రాజుగారి ఆడవాళ్లే. అలాంటి చోట ఆమె కాదనడం ఎంత పెద్ద సాహసమో ఊహించుకోండి. 1782లో కొడుకును కన్నది. ఆ పిల్లవాడు 1786లో పోయాడు, అదే ఏడాది కడుపుతో ఉండగానే ఆమే పోయింది. ప్రేమకథగా తీసేటప్పుడు రాజు ఎదురుచూపులనే చూపిస్తారు. పనివాళ్లను శిక్షించిన ముక్క దగ్గర కెమెరా ఇంకాసేపు ఆగాలని నాకు అనిపిస్తుంది.

సుక్‌జోంగ్ శాసనానికి ఎంత ఆయుష్షు ఉందో చెప్పి ముగిస్తాను. రెండొందల ఏళ్ల తర్వాత గోజోంగ్ చక్రవర్తి కాలంలో ఓమ్ అనే ఆమె ఉండేది. సామాన్య కుటుంబం, చిన్నప్పుడే పరిచారికగా చేరింది. రాజు కంటపడిందని మ్యోంగ్‌సోంగ్ మహారాణి ఆమెను బయటికి పంపేసింది. 1895లో మహారాణి హత్య జరిగాక తిరిగి వచ్చింది, 1897లో కొడుకును కన్నది, ఆ కొడుకు తర్వాత 1907లో యువరాజయ్యాడు. మహారాణి స్థానం ఖాళీగా ఉంది, రాజ్యం పేరే సామ్రాజ్యమని మారింది. అయినా సుక్‌జోంగ్ శాసనం అడ్డం వచ్చింది. 1903లో 'హ్వాంగ్‌గ్విబీ' అనే బిరుదు ఇచ్చారు, ఆమె మహారాణి మాత్రం కాలేదు. ఆమె 1906లో ఆడపిల్లల కోసం జిన్‌మ్యోంగ్, సుక్‌మ్యోంగ్ పాఠశాలలు పెట్టించింది. వాటిలో రెండోదే ఇవాళ్టి సుక్‌మ్యోంగ్ మహిళా విశ్వవిద్యాలయానికి మూలం. చిల్‌గుంగ్‌లో ఏడో గుడి ఈమెదే, కొడుకు రాజు కాకపోయినా అక్కడ చోటు దొరికింది. ఈమె మీద వచ్చిన మంచి సీరియల్ ఏదైనా మీకు తెలిస్తే కింద చెప్పండి, మా వదినకూ నాకూ చూడాలని ఉంది.