అక్షౌహిణి: ఔత్వమూ, లెక్కా

సందేహం: అ, ఊ కలిస్తే గుణసంధి వచ్చి ఓకారం రావాలి కదా, మరి 'అక్షౌహిణి' అంటారెందుకు? 'అక్షోహిణి' తప్పా? 'జనం అక్షౌహిణులుగా తరలివచ్చారు' అనవచ్చా?

సమాధానం: అక్షౌహిణే ఒప్పు. మీరు చెప్పిన సూత్రం సరైనదే గాని, ఇక్కడ దానికి అపవాదం, అంటే మినహాయింపు, ఉంది. అక్ష శబ్దానికి ఊహిని పరమైతే వృద్ధి, అంటే ఔకారం, వస్తుందని ప్రత్యేకంగా వార్తికమే (పాణిని సూత్రాలకు చేర్చిన అనుబంధ నియమం) ఉంది. ప్ర + ఊఢ 'ప్రౌఢ' అయినట్టే ఇదీను. 'ప్రోఢ' అని రాయడానికి చెయ్యి రానివారు 'అక్షోహిణి' అని అచ్చు వేసేస్తున్నారు. చూస్తే ప్రాణం చివుక్కుమంటుంది. అక్షమంటే ఇరుసు, దాన్నిబట్టి రథం. ఊహిని అంటే సమూహం గలది. అక్షానికున్న పాచిక, ఇంద్రియం అనే అర్థాలతో ఇక్కడ పనిలేదు.

అసలు సొగసు ఆ మాట మోస్తున్న సంఖ్యలో ఉంది. నన్నయగారు ఆదిపర్వం మొదట్లోనే ఆ లెక్క కట్టి చూపారు. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బంట్లు కలిస్తే పత్తి. అంటే పది. పత్తికి మూడింతలు సేనాముఖం. అలా మూడేసి రెట్లు పెంచుకుంటూ పోతే గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని. ఏడుసార్లు మూడింతలు చేశాం కనుక అనీకినిలో 2,187 పత్తులు. పది అనీకినులు ఒక అక్షౌహిణి: రథాలు 21,870, ఏనుగులు అన్నే, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350, వెరసి 2,18,700. వీటిలో దేని అంకెలు కూడినా 18! భారతంలో పర్వాలు 18, యుద్ధం 18 రోజులు, మోహరించిన అక్షౌహిణులు 18. తొమ్మిదితో భాగింపబడే సంఖ్యలు కనుక అంకెల మొత్తం తొమ్మిదో, పద్దెనిమిదో, ఇరవై ఏడో కావచ్చు. అన్నీ పద్దెనిమిది దగ్గరే నిలవడం చూస్తే నాకు ఎన్నిసార్లయినా ఒళ్లు పులకరిస్తుంది.

అనీకిని సంఖ్యలో మరో వింత ఉంది. 1234కు 2187 కలపండి: 3421. 12345కు కలపండి: 14532. ఇలా ఒక్కో అంకె పెంచుకుంటూ 123456789 దాకా వెళ్లి కలపండి: 123458976. ప్రతిసారీ అవే అంకెలు, వరుస మాత్రం మారుతుంది. కాగితం మీద వేసి చూసుకోండి.

గుర్రంతో సహా లెక్క పెట్టి కట్టిన ఇలాంటి మాటను 'లెక్కలేనంత' అనే అర్థంలో వాడటం నాకు రుచించదు. రథాలూ ఏనుగులూ లేని జనానికి అక్షౌహిణులెందుకు? తండోపతండాలుగా వచ్చారనండి, ఇసక వేస్తే రాలనంత మంది అనండి. అయితే వాహిని, చమువు, అనీకిని కూడా కావ్యాల్లో కొలత పోగొట్టుకుని వట్టి 'సేన'గా మిగిలినవే. అక్షౌహిణి కూడా ఆ దారి పడితే తప్పని కొట్టేయలేను.

అక్షౌహిణి అంటేనే సేన కనుక 'అక్షౌహిణీ సేన' పునరుక్తి అనేవారున్నారు. సంస్కృత వ్యాకరణ గ్రంథం సిద్ధాంతకౌముదిలో ఉదాహరణే 'అక్షౌహిణీ సేనా' అని ఉంది. దాని జోలికి నేను పోను.