దోపిడీ కామెడీ రాసే ముందు తూకం వెయ్యి

చిరంజీవి తమ్ముడికి,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. సంభాషణలు బాగున్నాయి, చిక్కంతా దోపిడీలోనే ఉంది. నీ దొంగలు తెలివితక్కువవాళ్లు కాబట్టి దొరికిపోతున్నారు. దానికి ప్రేక్షకుడు ఒకసారి నవ్వి ఊరుకుంటాడు. పథకం గట్టిగా ఉండాలి. దాన్ని చెడగొట్టేది ఆ పథకంలోనే ముందునుంచీ ఎక్కడో నక్కి ఉండాలి.

1951లో ఈలింగ్ స్టూడియోస్ తీసిన ‘ది లావెండర్ హిల్ మాబ్’ను కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చూడు. రచన టి.ఇ.బి. క్లార్క్, దర్శకత్వం చార్లెస్ క్రిక్టన్. అందులో హాలండ్ అనేవాడు బంగారు కడ్డీల వ్యాను వెంట వెళ్లే బ్యాంకు గుమస్తా. బంగారం కొట్టేయడం కన్నా దాన్ని దేశం దాటించడమే అతనికి అసలు సమస్య. అతనుండే లాడ్జింగులోకి పెండిల్‌బరీ దిగుతాడు. సీసంతో ఈఫిల్ టవర్ బొమ్మలు పోతపోసి పారిస్‌కు పంపడం ఇతని వ్యాపారం. ఒకడి అవసరం, ఇంకొకడి కొలిమి. కథ అక్కడ కుదిరింది.

ఇప్పుడు లెక్క చూడు. దోచేది పది లక్షల పౌండ్ల బంగారం. అప్పటి ధర ఔన్సు 12 పౌండ్ల 8 షిల్లింగులు. అంటే దాదాపు రెండున్నర టన్నులు, పన్నెండున్నర కిలోల కడ్డీలైతే 200. వ్యాను లేకుండా కదలదు. నీ కథలో ఇద్దరు మనుషులు స్కూటర్ మీద 300 కిలోలు తీసుకెళ్లారు. నాకు అక్కడే కథ మీద నమ్మకం పోయింది. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, బంగారానికి 1064 కావాలి. ఒకే అచ్చులో పోసినా బంగారు బొమ్మ 1.7 రెట్లు బరువు తూగుతుంది. ఇలాంటి ప్రతి అంకెలోనూ ఒక సన్నివేశం దాగి ఉంటుంది. తెలియనిది వెళ్లి అడుగు. క్లార్క్ నేరుగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌నే సలహా అడిగాడు, వాళ్లు అందుకోసం ఒక కమిటీ వేశారు.

ఇక పథకం చెడే తీరు. బంగారు బొమ్మలున్న, ‘ఆర్’ (R) అని రాసిన పెట్టెలు తెరవొద్దని పారిస్‌లో బొమ్మలమ్మే ఆవిడకు ముందే చెప్పారు. ఇంగ్లీషువాడు పలికే ‘ఆర్’ ఫ్రెంచి చెవికి ‘ఆ’లా, అంటే వాళ్ల మొదటి అక్షరం ‘A’లా వినిపిస్తుంది. తెరవకూడనివి ‘A’ పెట్టెలనుకుని ఆవిడ ‘R’ పెట్టె తెరిచింది. ఆరు బంగారు టవర్లు ఇంగ్లండు బడిపిల్లల చేతుల్లోకి వెళ్లాయి. ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ మూర్ఖులు కారు. దీన్ని ఎత్తుకురాకు, మన చెవికి తగిన పొరపాటు వెతుకు. హిందీలో ‘కల్’ అంటే నిన్న, రేపు కూడా. హైదరాబాద్ గోడౌన్‌లో ఆ ఒక్క మాట చాలు.

తర్వాత ఆ బొమ్మల కోసం ఓడరేవు దగ్గర హాలండ్, పెండిల్‌బరీల పరుగు చూడు. టికెట్టు, పాస్‌పోర్టు, కస్టమ్స్. వాళ్ల కోసం పోలీసు పన్నిన వల ఒక్కటీ లేదు, అన్నీ రోజూ జరిగే ఆఫీసు పద్ధతులే. ఓడ వెళ్లిపోతుంది. అక్కడ నువ్వైతే తుపాకీ పెట్టేవాడివి. నీ స్క్రిప్టులో 41వ పేజీలో ఉన్న తుపాకీ తీసేసి, ఆ చోట రసీదు అడిగే గుమస్తాను కూర్చోబెట్టు. పెట్టె మీద ఏం రాసి ఉందో మాత్రం మొదటి పది పేజీల్లోనే చూపించి, ఆ పేజీలు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య