చెక్ ఇంజన్ లైట్ వెలగకుండానే కారు మైలేజ్ పడిపోతే సెన్సర్ రీడింగుల్లో ముందు ఏం చూడాలి?

పెట్రోలు కారైతే ముందు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, ఆ తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజన్ కంప్యూటర్ పెట్రోలుని లెక్కకన్నా ఎంత శాతం పెంచి, తగ్గించి పంపుతోందో చెప్పే అంకె) చూడాలి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (కారు లోపాలు పరీక్షించే సాకెట్) చిన్న స్కానర్ పెడితే ఈ రెండూ ఫోన్‌లోనే కనిపిస్తాయి.

ఇంజన్ చల్లగా ఉందని ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) అనుకున్నంతసేపూ పెట్రోలు కాస్త ఎక్కువే పంపిస్తుంది. వేడెక్కిన ఇంజన్‌లో కూలెంట్ చాలా కార్లలో 85 నుంచి 100 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. ఉదాహరణకి, హైవే మీద అరగంట నడిపాక కూడా 65 దగ్గరే ఆగి, ట్రాఫిక్‌లో నిలబడితే మాత్రం 85కి ఎక్కుతోందంటే థర్మోస్టాట్ (రేడియేటర్‌కి కూలెంట్ వెళ్లే దారిని తెరిచి మూసే వాల్వ్) మూసుకోవడం లేదని దాదాపు ఖాయం. ఎదురుగాలికి రేడియేటర్ కూలెంట్‌ని అతిగా చల్లబరుస్తోందన్నమాట. డ్యాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు దీన్ని సరిగ్గా పట్టివ్వదు. ఇప్పటి చాలా కార్లలో అసలు ఆ ముల్లే లేదు.

ఎక్కువమంది పొరబడేది ఫ్యూయల్ ట్రిమ్ దగ్గర. ప్లస్ 15 కనబడగానే 15 శాతం పెట్రోలు వృథా అవుతోందనుకుంటారు. కాదు. లెక్క ప్రకారం పంపిన పెట్రోలు చాలక ఈసీయూ అంత కలిపి సరిచేస్తోందని దానర్థం. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్‌కి మురికి పట్టడం, గాలి లోపలికెళ్లే ఇన్‌టేక్ పైపులో లీకవడం దీనికి మామూలు కారణాలు. పొగలో ఆక్సిజన్‌ని కొలిచే ఆక్సిజన్ సెన్సర్ ఆ సంగతి చెప్పిందంతే. పాపం, చెప్పినందుకు చాలాచోట్ల దాన్నే మార్చేస్తుంటారు. రీడింగులన్నీ బాగుంటే టైర్లలో గాలి, పట్టేస్తున్న బ్రేకులు చూడండి. అవి మామూలు స్కానర్‌లో కనబడవు.