ఫోస్టర్ కేర్: నెలనెలా తనిఖీ ఎందుకు? డబ్బు ఎక్కడ ఆగింది?

ప్ర: ప్రభుత్వ హోమ్ నుంచి తొమ్మిదేళ్ల బాబును ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా, కొంతకాలం మన ఇంట్లో ఉంచుకుని పెంచడం) కింద తెచ్చుకుని మూడు నెలలైంది. ప్రతి నెలా అధికారులు వచ్చి వాడితో విడిగా మాట్లాడుతున్నారు. మమ్మల్ని అనుమానిస్తున్నట్టేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జ: కాదమ్మా. ఈ నెలవారీ తనిఖీ 2015 నాటి బాలల న్యాయ చట్టం, 44వ సెక్షన్ కింద బాలల సంక్షేమ కమిటీకి ఉన్న బాధ్యత. మీరెంత బాగా చూసుకున్నా వస్తారు, రావాలి కూడా. మీ ఎదుట చెప్పలేనిది ఏదైనా ఉంటే వాడు చెప్పుకోగలిగేది ఆ కాసేపే. అందుకే ఆ గదిలో మీరు లేకపోవడమే మంచిది.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. జ్వరం ఎప్పుడొచ్చింది, ఏ మందు వేశారు, ఎన్ని రోజులు బడి మానాడు... తేదీ వేసి రెండు ముక్కలు రాస్తే చాలు. ప్రోగ్రెస్ కార్డు, ఆస్పత్రి చీటీలు అందులోనే ఉంచండి.

హోమ్‌లో పెరిగిన పిల్లల్లో కొందరు మొదట్లో తిండి దాచుకుంటారు. దిండు ఎత్తితే సగం కొరికిన బిస్కెట్టు, కాగితంలో చుట్టిన ఇడ్లీ కనిపిస్తాయి. తిట్టకండి, లాక్కోకండి. చేతికందే చోట డబ్బాలో మరమరాలు పోసి, అది నీదేనని చెప్పండి. పరువు పోతుందని ఇలాంటివి అధికారుల దగ్గర దాచేస్తుంటారు, అదే అసలు పొరపాటు. చెబితేనే కదా జిల్లా బాలల పరిరక్షణ విభాగం (డీసీపీయూ) నుంచి కౌన్సెలర్ సాయం అడగగలిగేది!

సెలవులకు వేరే ఊరు తీసుకెళ్తుంటే ముందే అధికారులకు కాగితం రాసివ్వండి. కన్నవాళ్లు చూసి వెళ్లడానికి కమిటీ ఒప్పుకుంటే మీరు ఆపకూడదు.

ప్ర: పాప వచ్చి నాలుగు నెలలైనా ప్రభుత్వ సాయం అందలేదు. మాకు ఆదాయం ఎక్కువని ఆపారా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జ: పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద, ఫోస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డకు నెలకు రూ.4,000 ఇస్తారు. మీరు విన్న ఆదాయ పరిమితి (పల్లెల్లో ఏడాదికి రూ.72,000, మిగతా చోట్ల రూ.96,000) సొంత కుటుంబంలో ఉండే పిల్లలకిచ్చే స్పాన్సర్‌షిప్ (ఆర్థిక సాయం)కు సంబంధించింది. రెంటినీ కలిపేసి కంగారుపడకండి.

పాపను మీకు అప్పగిస్తూ సంక్షేమ కమిటీ ఇచ్చిన ఉత్తర్వు ఒకటి. డబ్బు మంజూరు చేసేది వేరొకటి, అది కలెక్టర్ అధ్యక్షతన ఉండే ఆమోద కమిటీ చూస్తుంది. మొదటిది చేతికి రాగానే రెండోది కూడా అయిపోయిందనుకుంటారు చాలామంది. ఉత్తర్వు నకలు, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని డీసీపీయూకు వెళ్లి, మంజూరైందా లేదా అని సూటిగా అడగండి. అయి ఉంటే, ఖాతాకు ఆధార్ లింకైందో లేదో బ్యాంకులో చూపించుకోండి. కాకుంటే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే సోమవారం ప్రజావాణిలో ఆ రసీదు జతచేసి ఇవ్వండి.

ప్ర: ఈ పాపనే దత్తత తీసుకోవచ్చా?
– అదే పాఠకుడు

జ: చట్టప్రకారం దత్తతకు అర్హురాలని తేలితే తీసుకోవచ్చు. ఇదివరకు ఫోస్టర్ కేర్‌లో ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది, 2024 నాటి ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు దాన్ని రెండేళ్లకు తగ్గించాయి. దత్తత ఉత్తర్వు వచ్చేదాకా బడి రికార్డులో తల్లిదండ్రుల గడిలో మీ పేర్లు రాయించకండి. తర్వాత దిద్దించుకోవడానికి పాపే ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.