విజయవాడ ఎండల్లో డాల్మేషియన్ కుక్క‌ను పెంచగలమా?

పెంచొచ్చు. కానీ మచ్చలు చూసి ముచ్చటపడి తెచ్చేముందు దాని ఒంటి తీరు తెలుసుకోండి.

పిల్లలు తెల్లగా పుడతాయి. మచ్చలు సుమారు 2 వారాలకు తేలతాయి. ఆ తెలుపునిచ్చే జన్యువుల వల్లే కొన్నిటికి పుట్టుచెవుడు ఉంటుంది. అది చూడకుండా వెనక చప్పట్లు కొట్టి చూడండి. ఒక చెవే వినపడకపోతే మాత్రం ఇలా తెలియదు, వినికిడి పరీక్ష చేయించాలి.

అసలు భయం మూత్రంలో రాళ్లది. మిగతా కుక్కల కాలేయం యూరిక్ ఆమ్లాన్ని నీళ్లలో తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చేస్తుంది. డాల్మేషియన్‌లో ఆ పని సరిగా జరగదు, ఆ ఆమ్లం మూత్రంలో చేరి రాళ్లు కడుతుంది. మగవాటికి మూత్రనాళం సన్నం; రాయి అడ్డుపడితే ప్రాణం మీదకొస్తుంది. అందుకే కొట్లో చవగ్గా వచ్చాయని ఈ ఆమ్లాన్ని పెంచే కార్జం, కందనకాయలు పెట్టకండి, దయచేసి. గుడ్డు, అన్నం, పెరుగు ఫర్వాలేదు. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. మూత్రానికి ముక్కుతుంటే ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.

ఒకప్పుడు గుర్రపు బళ్ల వెంట పరిగెత్తిన జాతి ఇది, బాల్కనీలో కట్టేస్తే అల్లాడిపోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మాత్రం తెల్లవారుజామునే తిప్పుకురండి. తారురోడ్డు చల్లారనిదే సాయంత్రం బయటికి తీయకండి.