నాణేల శీర్షిక: మచిలీపట్నం ఇనప్పెట్టెలో మెక్సికో వెండి

ప్రశ్న: మా ముత్తాతగారు రంగూన్‌లో వ్యాపారం చేసి తిరిగొచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. మొన్న నాయనమ్మ ఇనప్పెట్టె సర్దుతుంటే ఒక పెద్ద వెండి నాణెం దొరికింది. ఒకవైపు ముక్కు పొడుగ్గా ఉన్న రాజుగారి బొమ్మ, చుట్టూ ఇంగ్లీషు అక్షరాల్లో కరోలస్, దాని పక్కన నాలుగు నిలువు గీతలు, కింద 1796 అని ఉన్నాయి. రెండో వైపు కిరీటం, డాలు, అటూ ఇటూ రెండు స్తంభాలు. రాజు చెంప మీద, మెడ దగ్గర ఎవరో ఉలితో పొడిచినట్టు చిన్న చిన్న గుర్తులున్నాయి. పైన ఒకచోట కొక్కెం ఊడిపోయిన మచ్చ ఉంది. కంసాలి కాటా మీద 26.72 గ్రాములు తూగింది. "పాత వెండి, కరిగిస్తే గ్లాసు చేయించుకోవచ్చు" అన్నాడాయన. అసలుదేనా? తోమి శుభ్రం చేయమంటారా? మా అబ్బాయి అమెరికా తీసుకెళ్తానంటున్నాడు, పంపించవచ్చా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: అమ్మా, ముందుగా రెండు మాటలు. కరిగించకండి, తోమకండి. చింతపండు, విబూది, పళ్లపొడి, ఇత్తడి సామాన్లు తోమే పొడి, ఏదీ దాని దరిదాపులకి రానివ్వకండి. రెండు వందల ఏళ్లకు పైగా గాలి తగిలి పట్టిన ఆ నల్లటి పొర మురికి కాదు. ఒకసారి తోమితే వెండి మీద సన్నటి గీతలు పడతాయి, అవి ఇక పోవు. అక్షరాల సందుల్లో ఉన్న నలుపు కూడా పోతే నాణెం వయసును బయటపెట్టే ఒక ఆధారం పోయినట్టే.

మీరు రాసిన వివరాలను బట్టి అది స్పెయిన్ రాజు నాలుగో చార్లెస్ పేరిట కొట్టిన ఎనిమిది రియాళ్ల నాణెం. కరోలస్ అంటే లాటిన్‌లో చార్లెస్, నాలుగు గీతలంటే నాలుగో అని. దీన్నే స్పానిష్ డాలర్ అంటారు. స్పెయిన్ రాజుదే అయినా అది స్పెయిన్‌లోనే తయారై ఉండాలని లేదు. రెండో వైపు చుట్టూ ఉన్న రాతను ఎడమ నుంచి చదవండి. హిస్పాన్, ఎట్, ఇండ్, రెక్స్ అని వస్తుంది. స్పెయిన్‌కీ ఇండీస్‌కీ రాజు అని దాని అర్థం. ఇండీస్ అంటే ఇక్కడ మన ఇండియా కాదు, ముఖ్యంగా అమెరికాలోని స్పెయిన్ వలసలు. రెక్స్ తర్వాత 'ఎమ్' అక్షరం, దాని నెత్తిన బుల్లి 'ఓ' ఉంటే అది మెక్సికో నగరం టంకశాలది. అక్కడ పి, టి, ఎస్ అక్షరాలు ఒకదాని మీద ఒకటి పెనవేసుకుని ఉంటే ఇప్పటి బొలీవియాలోని పొటోసీది, లీమా పేరులోని అక్షరాలన్నీ ముడిపడి ఉంటే పెరూది. ఆ పక్కన 8, ఆర్ అని నాణెం విలువ ఉంటుంది. ఆ తర్వాతి రెండు అక్షరాలు వెండి నాణ్యత పరీక్షించిన అధికారుల పేర్లకు గుర్తు.

దొంగ నాణేలు చాలావరకు దొరికిపోయేది ఈ రెండు అక్షరాల దగ్గరే. మెక్సికోలో 1784 నుంచి 1801 వరకు ఎఫ్, ఎమ్ అని వేసేవారు. ఆ తర్వాత 1803 దాకా ఎఫ్, టి. అక్కడి నుంచి టి, హెచ్. మీ 1796 నాణెం మెక్సికోదైతే దాని మీద ఎఫ్, ఎమ్ ఉండి తీరాలి. టి, హెచ్ కనిపిస్తే ఇక మిగతా పరీక్షలు అక్కర్లేదు. రాజు పేరు పక్కన నాలుగు గీతలు ఉన్నాయని మీరు రాశారు చూడండి, ఆ గమనిక చాలా విలువైనది. మూడో చార్లెస్ 1788 డిసెంబరులో చనిపోయాడు. కొడుకు గద్దెనెక్కినా కొత్త రాజు ముఖం చెక్కిన అచ్చు మెక్సికోకి వెంటనే చేరలేదు. అందుకే 1789, 1790 నాణేల మీద పేరు కొడుకుది, ముఖం తండ్రిది. ఆ రెండేళ్ల నాణేలు చూసి దొంగవని పారేసేవాళ్లున్నారు, పాపం. మీ సంవత్సరానికి ఆ పేచీ లేదు.

ఇక బరువు. అప్పటి లెక్క ప్రకారం కొత్త నాణెం సుమారు 27.07 గ్రాములు ఉండాలి. చేతులు మారి అరిగిన నాణెం 26.72 తూగడం సహజమే. కొక్కెం అతికిన టంకం మిగిలి ఉంటే ఆ కాస్త బరువు కూడా ఇందులో కలిసి ఉంటుంది. అయితే బరువు ఒక్కటే సాక్ష్యం కాదు, ఎందుకంటే కాస్త మందంగా పోస్తే జర్మన్ సిల్వర్‌తోనూ (పేరుకే సిల్వర్, అందులో వెండి ఉండదు) 27 గ్రాములు తెప్పించవచ్చు. అందుకని నీళ్లలో తూచండి. కంసాలి దగ్గరున్న డిజిటల్ కాటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి అంకెను సున్నా చేయించండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. కాటా మీద ఇప్పుడు కనిపించే అంకెతో 26.72ను భాగించాలి. ఆ అంకె 2.6కి అటూ ఇటూగా వస్తే భాగహారం 10.3 దగ్గర తేలుతుంది. ఆ కాలపు వెండికి సాంద్రత అంతే. అంకె 3 దాటిందంటే లోపల ఉన్నది వెండి కాదు. గాలి బుడగలు నాణేనికి అంటుకుంటే లెక్క తప్పుతుంది, ఒకసారి మెల్లగా కదిపి వదలండి.

టౌన్‌లో నగల షాపులో మిషన్ మీద టచ్, అంటే నూటికి ఎంత పాలు వెండో, చూపించడం ఇంకా మంచిది. దానికి గీకక్కర్లేదు, కరిగించక్కర్లేదు. గీటురాయి మీద రాయనివ్వకండి. మీ నాణెం 90 టచ్‌కి దగ్గరగా ఉండాలి. 1772లో ఒకసారి, 1786లో మరోసారి స్పెయిన్ ప్రభుత్వం బయటికి చెప్పకుండా వెండి పాలు తగ్గించింది. 1732 నాటికి 91.7 ఉన్నది 1786 తర్వాత 89.6కి దిగింది. పాత నాణెం పైపొరలో రాగి కొంత కరిగిపోయి ఉంటుంది కాబట్టి మిషన్ ఒకటి రెండు పాయింట్లు ఎక్కువ చూపించినా గాభరా పడకండి. సరిగ్గా 99 దాటి చూపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. అప్పటి వెండిలో రవ్వంత బంగారం, సీసం కలిసి ఉండేవి. ఇప్పటి శుద్ధి వెండిలో అవి కనిపించవు.

ఇంతకీ మీరు అంచు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఏ పాత స్పానిష్ నాణెం చేతికిచ్చినా నేను ముందు చూసేది అంచే. దాన్ని నిలబెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా భూతద్దంతో చూడండి. చుట్టూ ఒక గుండ్రటి సున్నా, ఒక నిలువు దీర్ఘచతురస్రం, మళ్లీ సున్నా, మళ్లీ దీర్ఘచతురస్రం, ఇలా వరసగా ఉండాలి. బొమ్మలు కొట్టక ముందే ఆ బిళ్లను రెండు ఇనుప కడ్డీల మధ్య దొర్లించేవారు. ఒక్కో కడ్డీ సగం అంచుకి ఈ డిజైన్ అద్దేది. రెండు సగాలు కలిసే చోట లెక్క ఎప్పుడూ సరిగ్గా కుదరదు. ఒక సున్నా మీద ఇంకో సున్నా సగం ఎక్కుతుంది, లేదా దీర్ఘచతురస్రం ఇరుకైపోతుంది. ఆ అతుకులు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. గడియారంలో మూడు దగ్గర ఒకటి కనిపిస్తే తొమ్మిది దగ్గర రెండోది వెతకండి. అంచు ఎక్కడా తేడా లేకుండా నున్నగా, అచ్చు గుద్దినట్టు ఉంటేనో, చుట్టూ సన్నటి గీత పాకి ఉంటేనో అది ఈమధ్య పోతపోసిన సరుకు. కొక్కెం టంకం పెట్టిన చోట డిజైన్ చెరిగిపోయి ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఉలితో పొడిచిన గుర్తులంటున్నారే, వాటిని భూతద్దం కింద చూడండి. చైనా అక్షరాలు కావచ్చు. చైనా రేవు కాంటన్‌లో వర్తకులు, సరాఫులు (నాణేలు పరీక్షించి మార్చేవాళ్లు) వెండి మంచిదని చూసుకున్నాక తమ ముద్ర గుద్దేవారు. నాణెం చేతులు మారినకొద్దీ ముద్రలు పెరిగేవి. మెక్సికో వెండి అకపుల్కో రేవు నుంచి మనీలాకి ఓడల్లో వెళ్లేది, 1565 నుంచి 1815 దాకా ఆ రాకపోకలు సాగాయి. మనీలా నుంచి చైనాకి, అక్కడి నుంచి ఆగ్నేయాసియా రేవులకి పాకింది. మీ నాణెం రంగూన్‌లోనే మీ ముత్తాతగారి చేతికి వచ్చి ఉంటే ఆ కథ నమ్మదగినదే. కానీ జాగ్రత్త, చైనా ముద్ర ఉన్నంత మాత్రాన అసలుదని తేలదు. నకిలీల మీదా ఆ ముద్రలు గుద్దుతున్నారు. ముద్ర గుద్దిన చోట లోపల ఎర్రటి రాగి కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే అది వెండి పూత వేసిన రాగి నాణెం. అలాంటివి ఆ రోజుల్లోనే చేశారు, వాటిని ప్రత్యేకంగా సేకరించేవాళ్లూ ఉన్నారు.

మన వైపు ఇవి ఎందుకు అరుదు అంటే, వచ్చినవి వచ్చినట్టు కరిగిపోయాయి. మచిలీపట్నంలో డచ్చి వాళ్లు, 1611 నుంచి ఇంగ్లీషు వాళ్లు వ్యాపారానికి తెచ్చిన వెండిలో ఈ రియాళ్లు ముఖ్యమైనవి. అవి టంకశాలలకి వెళ్లి రూపాయలయ్యాయి. మద్రాసులో కంపెనీ 1807 తర్వాత కొట్టిన వెండి అర వరహా మీద ఒకవైపు గోపురం, ఇంకోవైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు ఉంటాయి. అలాంటి కొన్నింటిని కరిగించకుండా రియాళ్ల మీదే కొట్టారు కాబట్టి వాటి అడుగున స్పానిష్ ముద్ర ఛాయలు కనిపిస్తాయి. అంత వెండి కరిగిపోగా మీ ఇంట ఒకటి మిగిలింది. దాన్ని గ్లాసు చేయడానికి నాకు మనసొప్పదు.

ధర విషయం. మెక్సికోలో 1796 నాణేలు లెక్కలేనన్ని కొట్టారు, కాబట్టి లక్షలు వస్తాయని ఎవరైనా ఫోన్ చేసి ఊరిస్తే నమ్మకండి, ముందుగా ఫీజు కట్టమంటే అసలే నమ్మకండి. కొక్కెం పెట్టిన మచ్చ వల్ల సేకర్తలు ఇచ్చే ధర తగ్గుతుంది. కానీ ఎలా చూసినా ఉత్త వెండి ధర కన్నా ఎక్కువే పలకాలి.

అబ్బాయితో మాత్రం పంపకండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే నాణేనికి నాణెం పోతుంది, అబ్బాయికి కేసు టెన్షన్. ఇంట్లో ఉంచుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. పీవీసీ ప్లాస్టిక్ కవరులో వేయకండి, అది కొన్నాళ్లకి ఆకుపచ్చగా జిగురు కక్కుతుంది. ఆమ్లం లేని కాగితం కవరు చాలు. రెండు వైపులా, అంచునూ ఫోటోలు తీసి, నాయనమ్మగారి పేరు, పెట్టె సంగతి, రంగూన్ సంగతి ఒక కాగితం మీద రాసి దాంతోపాటే దాచండి.

ప్రశ్న: ఊళ్లో తిరునాళ్లలో ఒకాయన దగ్గర స్పెయిన్ నాణెం కొన్నాను. 1799, కరోలస్, మూడు గీతలు. అయస్కాంతం అంటుకోలేదు, కాబట్టి వెండే కదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదండీ. రాగి, ఇత్తడి, సీసం, జర్మన్ సిల్వర్, వేటికీ అయస్కాంతం అంటుకోదు. అంటుకుంటే దొంగదని తేలుతుంది, అంటుకోకపోతే ఏమీ తేలదు. మీ విషయంలో అంత దూరం వెళ్లక్కర్లేదు. మూడు గీతల చార్లెస్ 1799 నాటికి చనిపోయి పదేళ్లు దాటింది. ఆ సంవత్సరంతో ఆయన పేరిట నాణెం లేదు. బిల్లు ఉంటే అమ్మినాయన్ని అడిగి డబ్బు వెనక్కి తీసుకోండి, దాన్ని ఇంకొకరికి అసలుదని అమ్మకండి.

ప్రశ్న: పొలంలో బావి తవ్వుతుంటే కుండలో పది పన్నెండు వెండి నాణేలు దొరికాయి. ఫోటోలు పంపితే చెప్తారా?
– పేరు వద్దన్న పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ఫోటోలు తర్వాత పంపుదురుగాని. భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలని 1878 నిధి చట్టం చెబుతోంది. ముందు ఆ పని చేయండి. కుండ పెంకులతో సహా, మట్టి కడగకుండా ఉంచండి. ఏ నాణెం దేని పక్కన ఉందో, ఎంత లోతులో దొరికిందో కూలీలకు గుర్తున్నప్పుడే రాయించండి. చరిత్రకారులకి నాణేల కన్నా ఆ వివరాలే ఎక్కువ పనికొస్తాయి.